లైటు ఆర్పితే లోపం పోదు

గల్ఫ్‌లో మనోళ్ల చేతికి వచ్చే కారు చాలావరకు మూడో చేతిదో, నాలుగో చేతిదో అయి ఉంటుంది. పదిహేనేళ్ల బండి, రెండు లక్షల కిలోమీటర్లు దాటిన మీటరు, దేశం వదిలిపోయే తొందరలో ఎవరో తక్కువకు ఇచ్చేసిన సరుకు. అందులో తప్పేమీ లేదు. జీతంలో సగం ఇంటికి పంపేవాడు షోరూం కారు ఎక్కడ కొంటాడు? నా అభ్యంతరమల్లా ఒక్కదాని మీదే. ఆ పాత బండి డాష్‌బోర్డులో, వెనక వంకర గీతలు గీసినట్టుండే కారు బొమ్మ పసుపు రంగులో వెలిగితే మనం దాన్ని చూసే తీరు బాగా లేదు. కొందరు నల్ల టేపు అంటిస్తారు. కొందరు ఫ్యూజు పీకేస్తారు. మరికొందరు మెకానిక్ చెప్పిన సామానల్లా మార్చి, జేబు ఖాళీ అయ్యాక దేవుడి మీద భారం వేస్తారు.

నేను మెకానిక్‌ను కాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పన్నెండేళ్లుగా ఎమిరేట్స్‌లో బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నవాణ్ని. మరి నాకెందుకీ కార్ల గొడవ అంటారా? తెల్లవారుజామున 4 గంటలకు షార్జా నుంచి, అజ్మాన్ నుంచి ఒక్కో కారులో నలుగురైదుగురు ఎక్కి సైటుకు వచ్చే మనుషులు నా పని మీద ఆధారపడ్డవాళ్లు. వాళ్ల పని మీద నేను ఆధారపడ్డవాణ్ని. హైవే మీద వంద దాటిన వేగంలో వాళ్ల బండి బ్రేకు తనంతట తానే పట్టేస్తే ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. వెనకాలే లారీ వస్తుంటది. అంతే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. లోపం ఎక్కడుందో తేల్చడానికి డబ్బు పెట్టండి, ఊహ మీద సామాను మార్చడానికి పెట్టకండి. తేల్చేదాకా లైటును ఆర్పకండి. ఆర్పిన బండిని ఇంకొకరికి అంటగట్టకండి.

అసలు ఆ లైటు ఎవరిది?

ఏబీఎస్ అనే పేరు అందరూ విన్నదే. బాష్ కంపెనీ చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ కారులో వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం పూర్తిగా బిగుసుకుపోయి జారకుండా, ప్రెజరును క్షణానికి పలుమార్లు వదిలి పట్టడం దాని పని. దాని మీదే ఇంకో అంతస్తు కట్టి 1995లో స్టెబిలిటీ కంట్రోల్ తెచ్చారు. టయోటాలో దీన్ని వీఎస్‌సీ అంటారు, నిస్సాన్‌లో వీడీసీ, హోండాలో వీఎస్‌ఏ, జర్మనీ బండ్లలో ఈఎస్‌పీ. పేరు ఏదైనా పని ఒకటే. మీరు స్టీరింగ్ ఎటు తిప్పారో చూస్తుంది, బండి నిజంగా ఎటు తిరుగుతోందో చూస్తుంది. రెండూ కలవకపోతే ఏదో ఒక చక్రానికి మాత్రమే తానే బ్రేకు వేసి బండిని దారిలోకి లాగుతుంది. బండి ముందు భాగం మలుపు తిరగకుండా బయటికి జారిపోతుంటే లోపలివైపు వెనక చక్రాన్ని పడుతుంది. వెనక భాగం బయటికి విసిరేస్తుంటే బయటివైపు ముందు చక్రాన్ని పడుతుంది. మన కాలు పెడల్ మీద లేకున్నా సరే.

ఇది గొప్పలకు పెట్టిన వస్తువు కాదు. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు కొత్త మెర్సిడెస్ ఏ-క్లాస్‌ను అటూ ఇటూ వేగంగా మళ్లించి చూస్తే బోల్తా పడింది. దాంతో కంపెనీ ఆ చిన్న కారుకు కూడా దీన్ని తప్పనిసరి చేసింది. అమెరికా ప్రభుత్వం 2007లో నిబంధన తెచ్చి, 2011 సెప్టెంబర్ నుంచి తయారయ్యే ప్రతి కారుకూ ఇది ఉండాలంది. వేరే బండి తగలకుండా తనంతట తానే పడిపోయే, గుద్దుకునే ప్రమాదాలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని అప్పుడు వాళ్లు వేసిన లెక్క. కాబట్టి 'అదుండి ఏం లాభం, తీసేయ్' అనేవాడి మాట వినే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేదెవరు?

కాళ్లూ చేతులూ బాగున్నా, తప్పుడు కబురు వస్తే మనిషి తప్పుడు పనే చేస్తాడు. సైటులో నాకు నలుగురు ఫోర్‌మన్లు ఉన్నారనుకోండి. ముగ్గురు కాంక్రీటు వచ్చిందంటారు, ఒకడు రాలేదంటాడు. ఆ ఒక్కడి మాట నమ్మి పంపు ఆపితే తప్పు నాదా, వాడిదా? స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఇంతే. నాలుగు చక్రాల దగ్గర నాలుగు స్పీడు సెన్సర్లు, స్టీరింగ్ కింద దాని కోణం చెప్పే సెన్సర్ ఒకటి, బండి మధ్యలో అది ఎంత వేగంగా తిరుగుతోందో, పక్కకు ఎంత ఒరుగుతోందో చెప్పే సెన్సర్ ఒకటి, బ్రేకు ప్రెజరు చెప్పేది ఇంకొకటి. వీటిలో ఏ ఒక్కటి తప్పుడు కబురు పంపినా, పంపు, వాల్వులు, కంప్యూటర్ అన్నీ బాగున్నా సరే, బండి అక్కర్లేని చోట బ్రేకు వేస్తుంది.

ఉదాహరణకు, మూడు చక్రాలు గంటకు 15 కిలోమీటర్లు అంటుంటే నాలుగోది హఠాత్తుగా సున్నా అంటే, ఆ చక్రం బిగుసుకుపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది. మీరు మెల్లగా బ్రేకు తొక్కుతుంటే దాని ప్రెజరు వదిలేస్తుంది. పెడల్ కాలి కింద గిరగిరా కొడుతుంది, బండి అనుకున్న చోట ఆగదు. అదే చక్రం ఉత్తినే 25 అని చెబితే, చక్రం ఇసుకలో గిర్రున తిరుగుతోందని అనుకుని దాన్ని బ్రేకుతో పడుతుంది. ఇక స్టీరింగ్ సెన్సర్ నేరుగా వెళ్తున్నప్పుడు కూడా 'కుడికి తిప్పాడు' అని చెబితే, బండి కుడికి తిరగడం లేదేమిటని కంప్యూటర్ కుడివైపు వెనక చక్రాన్ని పట్టి లాగుతుంది. నున్నటి తారు రోడ్డు మీద బండి ఒక్కసారిగా పక్కకు గుంజుతుంది.

ఈ అబద్ధాలకు ఈ ఎడారి దేశంలో కారణాలు చాలానే ఉన్నాయి. పాత రకం స్పీడు సెన్సర్ కొనలో అయస్కాంతం ఉంటుంది. బ్రేకు ప్యాడ్ల ఇనుప పొడి, మా సైట్లలో రాలే ఇనుప రజను అన్నీ దానికి అంటుకుంటాయి. చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగు సముద్రపు గాలికి తుప్పు పట్టి, ఉబ్బి, వెంట్రుకంత చీలిక ఇస్తుంది. చక్రం దగ్గర తీగ స్టీరింగ్‌తోపాటు రోజూ వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది. కొత్త రకం బండ్లలో పళ్ల రింగు బదులు బేరింగ్ సీలులోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. బేరింగ్ మార్చినవాడు దాన్ని తిరగేసి బిగిస్తే సెన్సర్‌కు ఏమీ కనబడదు. ఎండకు ఇక్కడ బ్యాటరీలు తొందరగా చస్తాయి. వోల్టేజీ పడిపోతే నిక్షేపంలాంటి సెన్సర్ కూడా తప్పు చెప్పవచ్చు. ఒకే యాక్సిల్‌కు ఒక కొత్త టైరు, ఒక అరిగిన టైరు, అదీ వేరే సైజుది వేస్తే రెండు చక్రాల వేగం ఎప్పటికీ కలవదు.

ఊహ ఖరీదు, పరీక్ష ఖరీదు

మా సైటులో స్టీల్ ఫిక్సర్ల ఫోర్‌మన్ ఉన్నాడు, మా జిల్లా తమ్ముడే. 2007 మోడల్ జపాన్ బండి. ఆరు నెలల కింద వచ్చి, "అన్నా, కదిలేటప్పుడు ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగుతున్నదే. సిగ్నల్ దగ్గర ఆపబోతే పెడల్ కింద కొట్టుకుంటుంది, ముందు బండి మీదికి పోతాంది" అన్నాడు. అతను వెళ్లిన గ్యారేజీలో బానెట్ ఎత్తి, లైటు చూసి, 'ఏబీఎస్ మిషను పోయింది' అన్నారు. స్క్రాప్ యార్డు నుంచి తెచ్చిన యూనిట్‌కు 1,400 దిర్హమ్‌లు, కూలి వేరే. లైటు రెండు రోజులు ఆరిపోయింది. మూడో రోజు మళ్లీ వచ్చింది. తిరిగి పోతే, 'ఫ్యూజు తీసేస్తా, ఖలాస్' అన్నారట.

ఆపైన మేం ఒక కారు ఎలక్ట్రీషియన్‌ను పట్టుకున్నాం. కేరళ మనిషి, అందరూ ఇక్కా అంటారు. ఆయన పానా ముట్టుకోలేదు. స్కానర్ తగిలించి, తమ్ముణ్ని నడపమని, తను పక్క సీట్లో కూర్చుని, క్యాంపు వెనక ఖాళీ జాగాలో 15, 20 కిలోమీటర్ల వేగంతో నాలుగు చుట్లు తిప్పించాడు. స్క్రీన్ మీద నాలుగు చక్రాల వేగం కనబడుతోంది. మూడు కలిసి నడుస్తున్నాయి. ముందు ఎడమ చక్రం మాత్రం ఒకసారి సున్నా, ఒకసారి 22, మళ్లీ 14. చక్రం విప్పి చూస్తే యాక్సిల్ మీది పళ్ల రింగు తుప్పు పట్టి పగిలి ఉంది. వాడిన యాక్సిల్ 220 దిర్హమ్‌లు, పరీక్షకు 100. సమస్య పోయింది. పాత గ్యారేజీలో పీకి పారేసిన మిషను అసలు చెడిపోనేలేదు.

ఇందులో ఆ గ్యారేజీవాణ్ని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. 'ఎంతవుతుంది, ఎప్పుడిస్తావు' అని రెండే ప్రశ్నలు అడిగే గిరాకీకి, 'ఏం చూసి చెప్పావు' అనే మూడో ప్రశ్న కూడా ఉండాలి. సైటులో స్లాబు కింద చెమ్మ కనబడితే ప్లాస్టరు కొట్టి రంగు వేయమని నేను ఒప్పుకుంటానా? నీళ్లు పైన బాత్‌రూం పైపు నుంచా, టెర్రస్ నుంచా, ఏసీ డ్రెయిన్ నుంచా అని ముందు వెతకమంటాను. కాంక్రీటు గట్టిదో కాదో చేత్తో తట్టి చెప్పం, క్యూబు పోసి 7 రోజులకు, 28 రోజులకు పగలగొట్టి చూస్తాం. ఐదుగురు ప్రాణాలు మోసే బండికి ఆ మాత్రం పరీక్ష అక్కర్లేదా?

లక్షణం చూసి ఏం అనుకోవాలి

మెకానిక్ దగ్గరికి పోయేముందు బండి ఏం చేస్తోందో మనమే గమనిస్తే సగం పని అయినట్టే. స్టెబిలిటీ లైటు మిణుకు మిణుకుమంటే అది ఆ క్షణంలో పని చేస్తోందని అర్థం. నిలకడగా వెలిగితే లోపం కనిపెట్టి తనను తాను ఆపేసుకుందని అర్థం. పొడి రోడ్డు మీద, నేరుగా వెళ్తుండగా మిణుకుమంటూ బండి గుంజిందంటే ఏదో సెన్సర్ అబద్ధం చెబుతోంది.

ఆగబోయే చివరి కొన్ని మీటర్లలోనే పెడల్ కొట్టుకుంటే చక్రాల స్పీడు సెన్సర్లను, రింగులను అనుమానించాలి. పాత రకం సెన్సర్‌కు మెల్లగా వెళ్లేటప్పుడే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది కనుక రోగం అక్కడే బయటపడుతుంది. మలుపుల్లో, ముఖ్యంగా వీల్ అలైన్‌మెంట్ చేయించిన తర్వాత గుంజడం మొదలైతే స్టీరింగ్ కోణం సెన్సర్‌కు సున్నా సరిగా పెట్టలేదని చూడాలి. బండి నేరుగా పోతుంటే స్టీరింగ్ వంకరగా నిలబడుతోందంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. చాలా బండ్లలో ఈ సున్నా స్కానర్‌తోనే పెట్టాలి.

ఇంజిన్ లైటూ, స్టెబిలిటీ లైటూ రెండూ ఒకేసారి వస్తే ముందు ఇంజిన్ సంగతి చూడండి. టయోటా బండ్లలో ఇంజిన్‌లో లోపం రాగానే వీఎస్‌సీ తనను తాను ఆపేసుకోవడం మామూలే. సి 1201 అనే కోడ్ చెప్పేది అదే, 'నా తప్పేం లేదు, ఇంజిన్‌ను అడుగు' అని. అక్కడ ఒక ఆక్సిజన్ సెన్సర్ మారిస్తే పోయేదానికి బ్రేకు సామాను మార్చినవాళ్లు ఉన్నారు. పసుపు ఏబీఎస్ లైటుతోపాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం బండి నడపకండి. బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు, ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే ఏర్పాటు పోయి ఉండవచ్చు. టో చేయించండి.

ఇంకో సంగతి. తనంతట తాను పట్టే బ్రేకు అంతా కంప్యూటర్ పని కాదు. లైటు ఏదీ లేకుండా, బండి భారంగా లాగుతూ, పెట్రోలు ఎక్కువ తాగుతూ, దిగి చూస్తే ఒక చక్రం మిగతావాటికన్నా వేడిగా సెగ కొడుతుంటే అది పాతకాలపు మెకానికల్ రోగం. క్యాలిపర్ పిన్నులు బిగుసుకుని ఉండవచ్చు, లేదా రబ్బరు బ్రేకు హోస్ లోపల ఉబ్బి, ప్రెజరును పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవచ్చు. దీనికి పరీక్ష చాలా చౌక. చక్రాన్ని జాకీ మీద లేపి, అది బిగుసుకుని ఉండగా బ్లీడర్ స్క్రూ వదిలించి చూడమనండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ప్రెజరు ఎక్కడో ఇరుక్కుంది, హోస్ నుంచి పైకి మాస్టర్ సిలిండర్ దాకా వెతకాలి. వదులవకపోతే రోగం క్యాలిపర్‌లోనే. ఆ ఒక్క స్క్రూ తిప్పకుండా హోసూ, క్యాలిపరూ, మాస్టర్ సిలిండరూ మూడూ మార్చినవాణ్ని నేను చూశాను.

వరుస తప్పొద్దు

నా మాట విని ఈ వరుసలో అడగండి. మొదట బ్యాటరీ, ఆల్టర్నేటర్ వోల్టేజీ. తర్వాత నాలుగు టైర్ల సైజు, గాలి, అరుగుదల. ఆ తర్వాత స్కానర్. చేతిలో పట్టే చౌక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, ఏబీఎస్ కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ కావాలని గట్టిగా చెప్పండి. కోడ్ చెరిపే ముందు దాన్ని కాగితం మీద రాయించుకోండి. టయోటాలో సి 0200 అంటే ముందు కుడి చక్రం సెన్సర్, సి 0205 ముందు ఎడమ, సి 0210 వెనక కుడి, సి 0215 వెనక ఎడమ. కోడ్ ఫలానా చక్రం వైపు వేలు చూపిస్తుందే గానీ సెన్సరే మార్చమని చెప్పదు. అక్కడ తీగ ఉంది, రింగు ఉంది, బేరింగ్ ఉంది, ప్లగ్గు ఉంది. అందుకే బండిని నడుపుతూ స్క్రీన్ మీద నాలుగు వేగాలు చూడాలి. నేరుగా పోతుంటే స్టీరింగ్ కోణం సున్నా దగ్గర ఉండాలి. బండి ఆగి ఉన్నప్పుడు తిరుగుడు సెన్సర్ కూడా సున్నా దగ్గరే ఉండాలి. కుడి, ఎడమ సెన్సర్లు ఒకే రకం అయితే వాటిని అటూ ఇటూ మార్చి చూడవచ్చు. కోడ్ సెన్సర్‌తోపాటు పక్కకు మారితే సెన్సర్ పోయినట్టు, ఉన్నచోటే ఉంటే రింగో తీగో అని. ఇవన్నీ అయ్యాకనే హైడ్రాలిక్ యూనిట్ మాట ఎత్తాలి.

తప్పు ఒక్కోసారి తయారుచేసినవాడిదే కావచ్చు. 2010లో టయోటా 2003 మోడల్ సెకోయా బండ్లు సుమారు 50,000 అమెరికాలో వెనక్కి పిలిచింది. తక్కువ వేగంలో అక్కర్లేకుండా స్టెబిలిటీ కంట్రోల్ అడ్డుపడి బండి ముందుకు కదలకుండా చేసేది, లోపం ప్రోగ్రాంలో. 2013లో హోండా 2005 పైలట్, 2005 అక్యూరా ఆర్‌ఎల్, కొన్ని అక్యూరా ఎండీఎక్స్ బండ్లు కలిపి సుమారు 1,83,000 బండ్లను అక్కడ వెనక్కి పిలిచింది. డ్రైవర్ కాలు పెట్టకుండానే బ్రేకు పడవచ్చన్నది కారణం. గల్ఫ్ మార్కెట్లోకి అమెరికా పాత బండ్లు ఎన్నో దిగుతాయి కదా. ఛాసిస్ నంబరు తీసుకెళ్లి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రీకాల్ ఏమైనా మిగిలి ఉందా అని అడగండి. అమెరికా బండి అయితే అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2014 నుంచి ఛాసిస్ నంబరుతో ఉచితంగా చూసుకునే వీలు కల్పించింది. అడగడానికి ఖర్చేమీ లేదు.

'అంబాసిడర్‌కు ఏబీఎస్ ఉండేదా?'

ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఇదే అంటారు. మా నాయన అంబాసిడర్ నడిపిండు, దానికేం సెన్సర్లున్నయ్, ఫ్యూజు తీస్తే మామూలు బ్రేకు పని చేస్తది గదా అని. నిజమే, చాలా బండ్లలో ఫ్యూజు తీసినా పెడల్ బ్రేకు పని చేస్తుంది. ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలో, లోపం కంప్యూటర్‌దా మెకానికల్‌దా అని తేల్చడానికి తెలిసిన మెకానిక్ కాసేపు తీసి చూడటంలో తప్పు లేదు. హైబ్రిడ్ బండ్లలో బ్రేకు వ్యవస్థే వేరు, అక్కడ ఆ ప్రయోగం కూడా వద్దు. కానీ శాశ్వతంగా తీసేయడం వేరే సంగతి. గట్టిగా బ్రేకు తొక్కితే బరువు ముందుకు పడి వెనక చక్రాలు తేలికవుతాయి. అవి ముందుగా బిగుసుకోకుండా చూసేందుకు పాత బండ్లలో ఒక మెకానికల్ వాల్వు ఉండేది. తర్వాతి బండ్లలో చాలావాటికి ఆ పని ఏబీఎస్ కంప్యూటర్‌కే అప్పగించారు. ఫ్యూజు పీకితే అంబాసిడర్ కాలానికి పోయినట్టు కాదు, అంబాసిడర్ కన్నా అధ్వాన్నం కావచ్చు. పైగా మీ నాయన అంబాసిడర్‌ను పొగమంచులో ఎమిరేట్స్ రోడ్డు మీద ఐదుగుర్ని ఎక్కించుకుని ఈ వేగంతో నడపలేదు.

రెండో మాట, డబ్బు. 'పరీక్షకే వంద దిర్హమ్‌లా' అని. పైన చెప్పిన లెక్క చూడండి. వంద మిగుల్చుకోబోయి తమ్ముడు పదిహేను వందల పైన పోగొట్టుకున్నాడు. పేదవాడికే పరీక్ష ఎక్కువ అవసరం, ఎందుకంటే రెండోసారి పెట్టడానికి వాడి దగ్గర ఉండదు.

అమ్మేవాడి బాధ్యత

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది. లైటు బల్బు తీసేసి, లేదా దాని తీగను వేరే లైటుకు కలిపేసి, అన్నీ బాగున్నట్టు చూపించి బండి అమ్మేస్తారు. కొనేది ఎవరు? నిన్నగాక మొన్న వచ్చిన మన ఊరి పిల్లగాడే. ముల్కియా రెన్యువల్‌కు పాసింగ్‌లో దొరికితే దొరుకుతుంది, లేదంటే రోడ్డు మీదే తెలుస్తుంది.

కొనేవాళ్లు ఒక్క నిమిషం పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. ఏబీఎస్ లైటు, స్టెబిలిటీ లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేశారని అర్థం. మరో హెచ్చరిక కూడా ఉంది. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ కురిసిన వాన తెలిసిందే. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు పడింది, 1949లో లెక్కలు మొదలయ్యాక అంత వాన లేదు. నీళ్లలో నానిన కార్లు కడిగి, తుడిచి మార్కెట్లోకి వచ్చాయి. బండి తిరుగుడు చెప్పే సెన్సర్ చాలా బండ్లలో సీట్ల మధ్య కన్సోల్ కిందే, నేలకు దగ్గరగా ఉంటుంది. సీటు కింద కార్పెట్ ఎత్తి బురద, తుప్పు ఉన్నాయేమో చూడండి. సీటు బోల్టుల తుప్పు అబద్ధం చెప్పదు.

గల్ఫ్‌లో మన తెలుగు సంఘాలు రక్తదాన శిబిరాలు పెడుతున్నాయి, బతుకమ్మలు, ఉగాదులు జరుపుతున్నాయి. సంతోషం. ఏడాదికి ఒక శుక్రవారం, మంచి స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను ఒకరిని పిలిపించి, పాత కార్లున్న మన సోదరుల బండ్లకు ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో పరీక్ష చేయిస్తే బాగుంటుంది. ఏ బండిలో ఏం తేలిందో ఒక కాగితం మీద రాసి చేతికిస్తే చాలు. బాగుచేయించుకోవడం వాళ్ల ఇష్టం.

ఈ లోపల ఎవరి బండైనా దారిలో ఇలా చేస్తే కంగారు పడకండి. స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకోండి, హజార్డ్ లైట్లు వేయండి, అద్దంలో వెనక చూసుకుని కుడివైపు అంచుకు వచ్చి ఆగండి. లోపం తేలేదాకా ఆ బండిలో హైవే ఎక్కకండి, ఇంకొకరిని ఎక్కించకండి. ఆ రోజు సైటుకు ఆలస్యమైతే సూపర్‌వైజర్ అరుస్తాడని భయపడేవాళ్లకు ఒక సూపర్‌వైజర్‌గా చెబుతున్నా. ఆలస్యంగా వచ్చినవాడి హాజరు సర్దవచ్చు. రానివాడి ఇంటికి ఫోను చేసి ఏం చెప్పాలో ఏ డిప్లొమాలోనూ నేర్పలేదు.